మమ్మల్ని మొదటి వరుసలో కూర్చోబెట్టకండి, పని చెప్పండి

వాలంటీర్లను తీసుకునే సేవా సంస్థల నిర్వాహకులకు, కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) చూసే ప్రోగ్రామ్ ఆఫీసర్లకు, గోదావరి జిల్లాల్లో వరద సహాయం, పుష్కరాల ఏర్పాట్లు చూసే అధికారులకు బహిరంగ లేఖ

అందరికీ నమస్కారం.

మీరు చేసే సేవను తక్కువ చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వరదొచ్చినా, తుపానొచ్చినా, ఎండల్లో చలివేంద్రం పెట్టాలన్నా ముందు కదిలేది మీరేనని ఊరందరికీ తెలుసు. ఇక విషయానికొస్తాను.

నాకు ఒక కాలు పోలియో. కాలిపర్ వేసుకుని చేతికర్రతో నడుస్తాను, మూడు చక్రాల స్కూటీ మీద రాజమహేంద్రవరం అంతా తిరుగుతాను, ట్యూషన్లు చెప్పుకుని బతుకుతాను. మాదొక చిన్న గుంపు. చూపు లేని డిగ్రీ చెల్లి, మాట్లాడని, వినపడని టైలరు తమ్ముడు, వీల్‌చెయిర్‌లో కూర్చుని మీసేవ సెంటరు నడిపే బాబాయి, పారిశుద్ధ్య కార్మికుల కాలనీ నుంచి ఇద్దరు కుర్రాళ్లు, ఒక ట్రాన్స్‌జెండర్ అక్క. ఏదో పెద్ద ఆశయంతో కలిసినవాళ్లం కాదు, ఆ మీసేవ సెంటరు దగ్గర సర్టిఫికెట్ల కోసం వచ్చి కబుర్లలో పడి కలిసినవాళ్లం.

ఆ మధ్య మా ఊళ్లో ఒక పెద్ద సేవా సంస్థ, అధికారులతో కలిసి, వాలంటీర్లు కావాలని వాట్సాప్‌లో ఒక ఫారం తిప్పింది. అందులో పేరూ ఫోన్ నంబరూ అయ్యాక వచ్చే ప్రశ్న 'మీరు శారీరకంగా పూర్తి ఫిట్‌గా ఉన్నారా?' అని. అవును, కాదు, రెండే గడులు. 'కాదు' నొక్కితే కింద ఇంకేమీ రాదు, మీ ఆసక్తికి ధన్యవాదాలు అని చెప్పి మూసుకుపోతుంది. ఏ పని వచ్చు, ఏ భాషలు వచ్చు, ఏ రోజుల్లో ఖాళీ అనేవన్నీ 'అవును' నొక్కినవాళ్లనే అడుగుతుంది. చూపు లేని మా చెల్లి ఫోన్లో తెర మీదిది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని, ఎవరి సాయం లేకుండా తనే నింపుకుంటూ వచ్చి అక్కడ ఆగిపోయింది. తనకు తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడూ వచ్చు, ఎంత కోపంగా ఫోన్ చేసినవాళ్లనైనా రెండు మాటల్లో చల్లబరుస్తుంది, అలాంటి పిల్లకు ఒక దండం పెట్టి పంపేసింది ఆ ఫారం.

సరే, రాసినవాళ్లకు తట్టలేదేమో, మనిషిని చూస్తే వాళ్లకే అర్థమవుతుంది అనుకుని మీటింగ్ రోజు అందరం కలిసే వెళ్లాం. గుమ్మం దగ్గర ఎంత మర్యాదో! రండమ్మా, రండి బాబూ అంటూ మొదటి వరుసలో కుర్చీలు వేశారు. తలా ఒక అరటిపండు, నీళ్ల సీసా. మేం వాలంటీర్లుగా పేరిద్దామని వచ్చామండీ అంటే, అలాగే అలాగే, ముందు కూర్చోండి అన్నారు. కాసేపటికి వేదిక మీది పెద్దాయన ఒకరు కిందికి దిగొచ్చి, పక్కవాళ్లు అందించిన కిట్టు సంచీలు మా ఒళ్లో పెట్టి, నా భుజం మీద చెయ్యేసి ఫోటో తీయించుకున్నారు. ఏ కిట్లు సర్దడానికి మేం వెళ్లామో ఆ కిట్లే అవి. బియ్యం, కందిపప్పు, నూనె ప్యాకెట్టు, ఒక దుప్పటి. మర్నాడు ఆ ఫోటో గ్రూపులన్నీ తిరిగింది, కింద 'దివ్యాంగులకు చేయూత' అని రాసి. బాబాయి అది చూసుకుని నవ్వేశాడు గానీ, ఇంటర్ చదివే ఆయన కూతురు మాత్రం, నాన్నా మనం ఎప్పుడు తీసుకున్నాం ఈ సంచీ, కాలేజీలో అడుగుతున్నారు అని అన్నం మానేసి కూర్చుందట. ఆ ఇంట్లో నలుగురు బతికేది ఆ బాబాయి సంపాదన మీదే.

కాలనీ కుర్రాళ్లిద్దరికీ ఫారంతో ఇబ్బంది రాలేదు. కాళ్లూ చేతులూ దిట్టంగా ఉన్నాయి కాబట్టి వెంటనే తీసుకున్నారు, తీసుకుని చేతికి చీపుళ్లిచ్చారు. ఆ సంగతి కింద చెబుతాను.

దీని మీద నిర్వాహకులకు ఉత్తరం రాశాం. ఆఫీసులో ఒక కాపీ ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నాం. ఫోన్ చేస్తే, 'మీకెందుకమ్మా ఈ శ్రమ, మేమున్నాం కదా' అన్నారు. అంత ప్రేమగా చెప్పాక ఇంకేం పోట్లాడతాం? జవాబు మాత్రం ఇప్పటికీ లేదు. అందుకే అందరికీ కనపడేలా రాస్తున్నాను. సంస్థ పేరు గానీ ఆఫీసు పేరు గానీ రాయను, ఇది ఒక్కచోట ఉన్న తీరు కాదు కాబట్టి. ఇది చదివే నిర్వాహకుల్లో చాలామందికి తమ ఫారమే గుర్తుకొస్తుందని నా అనుమానం.

ఇంకొకటి ముందే చెప్పేస్తాను. ఆంధ్రాలో వాలంటీరు అంటే 2019 ఆగస్టు 15న మొదలై, యాభై ఇళ్లకు ఒకరు చొప్పున, నెలకు 5 వేల గౌరవ వేతనంతో పనిచేసిన గ్రామ, వార్డు వాలంటీర్లే గుర్తొస్తారు. నేను మాట్లాడేది వాళ్ల గురించి కాదు, ఆ రాజకీయాల్లోకి నన్ను లాగకండి. జీతం లేకుండా, ఇష్టపడి, తీరిక వేళల్లో చేసే సేవ గురించి మాట్లాడుతున్నాను. ఆ పనిలోకి మమ్మల్ని రానివ్వకపోతే ఏమవుతుందో వరసగా రాస్తాను.

1. ఊరికి మేం తెలియకుండా పోతాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు 2.68 కోట్లు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22.66 లక్షలు. దేశం మొత్తమ్మీద వాళ్లలో పనిలో ఉన్నవాళ్లు నూటికి 36 మంది. ఇవి పాత లెక్కలే, కొత్తవి ఇంకా రాలేదు. మిగిలినవాళ్లు ఊరికి ఎక్కడ కనపడతారు? వైకల్యం సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపు క్యూలో, పింఛను ఇచ్చే రోజున, బస్‌పాస్ కౌంటర్ దగ్గర. అన్నీ అడిగి తీసుకునే చోట్లే. పక్కింటివాళ్లకు కూడా మేం ఎప్పుడూ తీసుకునేవాళ్లుగానే తెలుసు.

నాకు ఈ తేడా తెలిసింది పల్స్ పోలియో బూత్‌లో. దేశంలో ఆ కార్యక్రమం 1995లో మొదలైంది, అప్పటికే నా కాలు పోయింది. తర్వాత నేను డిగ్రీ చదివే రోజుల్లో మా వీధి అంగన్‌వాడీ టీచరు, 'ఏమే, ఆదివారం ఖాళీయేనా, నా బూత్‌లో కూర్చుంటావా' అంది. నా కాలి గురించి ఒక్క ముక్క ఎత్తలేదు, ఎత్తైన కుర్చీ మాత్రం ఒకటి వేయించింది. చుక్కలు ఆవిడ వేసేది. పిల్లాడి ఎడమ చేతి చిటికెన వేలి గోరు మీద మార్కర్‌తో గీత పెట్టడం, పుస్తకంలో టిక్కు కొట్టడం, ఐస్ బాక్సులోంచి మందు సీసా తీసినప్పుడల్లా లేబుల్ మీద గుండ్రంలో ఉన్న చిన్న చదరం వేడికి నల్లబడి మందు పాడైందేమో చూడటం నా పని. మధ్యాహ్నం ఒక మామ్మ మనవణ్ని చంకనేసుకుని వచ్చింది, చుక్కలు వేస్తే జ్వరం వస్తుందంటున్నారు, వద్దులే అని సణుగుతూనే నా కాలిపర్ వైపు చూసి, 'ఇది అదేనా?' అంది. అదే మామ్మా అన్నాను. ఇంకేం మాట్లాడలేదు, వాడికి చుక్కలు వేయించుకుని, ఇంటికెళ్లి ఇంకో పిల్లను కూడా తీసుకొచ్చింది.

అప్పటిదాకా ఆ వీధిలో నేను 'పాపం ఆ పిల్ల'ని. ఆ తర్వాత 'చుక్కల టీచర్ని' అయ్యాను. ట్యూషన్ పెట్టినప్పుడు మొదట వచ్చిన పిల్లలంతా ఆ బూత్‌కు వచ్చిన తల్లుల ఇళ్ల నుంచే. పదేళ్లు పింఛను తీసుకున్నా ఆ తల్లులకు నా పేరు తెలిసేది కాదు. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో రహిత దేశమని సర్టిఫికెట్ వచ్చిన రోజు టీవీలో చాలామంది పెద్దవాళ్లు మాట్లాడారు, నేను మాత్రం ఆ కుర్చీ వేయించిన అంగన్‌వాడీ టీచరుకు ఫోన్ చేశాను.

2. కాలేజీల్లో మినహాయింపు పేరుతో బయట పెడుతున్నారు. ఎన్‌ఎస్‌ఎస్ 1969 సెప్టెంబరు 24న, గాంధీజీ శతజయంతి ఏడాదిలో, 37 యూనివర్సిటీల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. దాని నినాదం 'నేను కాదు, నువ్వు'. మా చెల్లి చేరతానంటే, నీకెందుకమ్మా, ఊళ్లు తిరగాలి, చెట్లు నాటాలి, నువ్వు రాకపోయినా ఏమనుకోంలే అన్నారట. వాళ్ల దృష్టిలో అది దయే. శిబిరానికి వెళ్లిన పిల్లలు మాత్రం వారం రోజులు ఒకే హాల్లో పడుకుని, ఒకే గిన్నెలో ఉప్మా తిని, జన్మంతా గుర్తుండే స్నేహాలతో తిరిగొచ్చారు. తర్వాత ఉద్యోగం ఎక్కడ ఖాళీ ఉందో, ఏ హాస్టల్లో రూమ్ దొరుకుతుందో, ఎవరి అన్నయ్య ఏ కంపెనీలో ఉన్నాడో వాళ్లు వాళ్లు చెప్పుకున్నారు. చెల్లి చేతికి సర్టిఫికెట్ రాలేదు, అదొక నష్టం. ఆ స్నేహాలు రాకపోవడం ఇంకా పెద్ద నష్టం, దానికి దరఖాస్తు పెట్టుకునే ఆఫీసు కూడా ఉండదు.

3. ఆపద వచ్చినప్పుడు మీకే నష్టం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, ఇక్కడ లంక గ్రామాలు నీళ్లలో ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లన్నీ మునిగాయి. అలాంటప్పుడు పడవ మీద వెళ్లేవాళ్లు ఎంత ముఖ్యమో, ఫోన్ దగ్గర కూర్చుని ఏ వీధిలో బాలింత ఉంది, ఎవరికి ఇన్సులిన్ అయిపోయింది, ఎవరింట్లో మంచం దిగలేని మనిషి ఉన్నారు అని ఓపిగ్గా రాసుకునేవాళ్లూ అంతే ముఖ్యం. దానికి కళ్లు అక్కర్లేదు, కాళ్లు అంతకంటే అక్కర్లేదు.

శిబిరాల సంగతి తీసుకోండి. భోజనాలకు రండి, బస్సు వచ్చింది, డాక్టరు వచ్చారు, అన్నీ మైకులోనే చెబుతారు. వినపడని మనిషికి ఆ మైకు ఉన్నా లేనట్టే. జనంలో ఎవరికి వినపడటం లేదో మా టైలరు తమ్ముడు దూరం నుంచే పట్టేస్తాడు, వెళ్లి సైగ చేసి తీసుకొస్తాడు. మీ వాలంటీర్లు ఎంత మంచివాళ్లయినా ఆ పని వాళ్లకు చేతకాదు. వీల్‌చెయిర్ బాబాయి ఒక స్కూల్లోకి వెళ్తే లోపలికి ర్యాంప్ ఉందా, బాత్రూమ్ తలుపు వెడల్పు సరిపోతుందా, కుళాయి చేతికందుతుందా అనేది ఐదు నిమిషాల్లో చెప్పేస్తాడు. శిబిరం తెరిచే ముందు ఆయన్ని ఒకసారి తిప్పితే, తెరిచాక ముసలివాళ్లు, గర్భిణులు పడే సగం అవస్థ తప్పుతుంది.

విపత్తుల్లో సాయపడే వాలంటీర్లకిచ్చే ఆపద మిత్ర శిక్షణకు 18 నుంచి 40 ఏళ్ల వయసు, దేహదారుఢ్యం చూస్తారు. నీళ్లలో దూకి మనిషిని లాగాల్సిన పనికి అది న్యాయమే, దాని మీద నాకు తగువు లేదు. ఆ ఒక్క పనికి పెట్టాల్సిన షరతును టీ కప్పులు అందించే పనికి కూడా పెట్టడమే అన్యాయం. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 8వ సెక్షన్ విపత్తుల్లో మాకు సమాన రక్షణ ఉండాలంటుంది, 3వ సెక్షన్ వివక్ష కూడదంటుంది, మనిషికి తగిన ఏర్పాటు చేసి అవకాశం ఇవ్వాలంటుంది. 2019లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దీని మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కాగితాల మీద లోటేమీ లేదు.

4. సేవలో కూడా ఎవరి పని వాళ్లకే అంటగడుతున్నారు. ఇప్పుడు చీపుళ్ల సంగతి. అన్నదానం జరిగే చోట పది నిమిషాలు నిలబడి చూడండి. పప్పు గరిటె ఎవరి చేతిలో ఉంది, నెయ్యి ఎవరు వేస్తున్నారు, ఎంగిలాకులు ఎవరు తీస్తున్నారు, బయట పారేసిన ప్లేట్లు ఎవరు ఏరుతున్నారు? అందరిదీ ఒకే రంగు టీషర్టు, అందరి వీపు మీదా 'వాలంటీర్' అనే ఉంటుంది. కాలనీ కుర్రాళ్లలో పెద్దవాడు బీకాం ఫైనల్ ఇయర్, చిన్నవాడు పాలిటెక్నిక్. వాళ్లు ఏం చేస్తారని అడగలేదు, ఎక్కడ ఉంటారని అడిగారు, ఆ పేరు వినగానే చీపురు ఇచ్చారు. పెద్దవాడు వడ్డన వైపు వెళ్లబోతే, 'అక్కడ మనవాళ్లు ఉన్నారులే, నువ్విటు చూసుకో' అన్నారట. మనవాళ్లు అంటే ఎవరో వాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ మర్నాటి నుంచి వాడు మళ్లీ రాలేదు. మా నాన్న డబ్బులకు చేసే పని నేను ఉచితంగా చేయడానికి వెళ్లాలా అక్కా అన్నాడు, నా దగ్గర సమాధానం లేదు.

ఊడ్చే పని చిన్నదని వాడూ అనలేదు, నేనూ అనను. ఊడవడం సేవే అయితే ఒక పూట నిర్వాహకుడి కొడుకు ఊడవాలి, కాలనీ కుర్రాడు నెయ్యి వేయాలి. చూడటానికి చిన్న మార్పు. పంక్తిలో కూర్చున్నవాళ్లు ఆ కుర్రాడి చేత్తో వేసిన అన్నం తిని లేస్తే ఆ వీధికీ ఆ కాలనీకీ మధ్య ఎంత దూరం తగ్గుతుందో మీకు నేను చెప్పాలా?

5. ట్రాన్స్‌జెండర్ అక్క గొడవ ఒక్క ముక్కలో చెబుతాను. ఆడవాళ్ల లైన్‌లో నిలబెట్టాలా, మగవాళ్ల లైన్‌లోనా అని తేల్చుకోలేక ఆవిణ్ని ఇంటికి పంపేశారు. 2024 డిసెంబరులో హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా ఉద్యోగంలోకే తీసుకున్నారు. నడిరోడ్డు మీద వాళ్లు చెయ్యెత్తితే బండ్లు ఆగుతున్నాయి. మనకు పులిహోర పొట్లాలు పంచడానికి ఇంత ధర్మసందేహమా?

6. పింఛను భయం. ఇది బయటివాళ్లకు తట్టని సంగతి, కాస్త ఓపిగ్గా వినండి. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగ పింఛను 2024లో 3 వేల నుంచి 6 వేలకు పెరిగింది, అది చాలా ఇళ్లకు అన్నం కుండ. 2025లో పింఛన్ల పునఃపరిశీలన మొదలయ్యాక మళ్లీ డాక్టర్ల దగ్గరికి పిలవడం, నోటీసులు, వైకల్యం శాతం తగ్గిందనడం చూసి జనం హడలిపోయారు. దొంగ సర్టిఫికెట్లు ఏరేయడం తప్పని నేననను. కానీ ఆ టెన్షన్‌లో ఏమయిందంటే, వాలంటీర్ల నారింజ రంగు జాకెట్టు వేసుకుని చలివేంద్రంలో నిలబడితే ఎవడో ఫోటో తీసి, వీడు బాగానే తిరుగుతున్నాడు, వీడికి పింఛనెందుకు అని ఫిర్యాదు పెడతాడేమోనని జంకుతున్నారు. మా గుంపులోకి రావాలనుకుని ఈ భయంతోనే ఆగిపోయినవాళ్లున్నారు. ఇంట్లో మూల కూర్చుంటేనే పింఛను భద్రం అనుకునే పరిస్థితి మీరు కావాలని తేలేదు, నిజమే. ఆ భయం పోగొట్టే అధికారం మాత్రం మీ చేతుల్లోనే ఉంది.

సాయం పుచ్చుకోవడానికి వచ్చినవాళ్లు సేవ ఏం చేస్తారులే అనుకునేవాళ్లకు నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తు చేస్తాను. 1990ల మొదట్లో అక్కడ రాత్రి బళ్లలో చదువు చెప్పినవాళ్లు జీతం లేని వాలంటీర్లు, నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు పగలంతా కూలికెళ్లి వచ్చిన ఆడవాళ్లు. అక్షరాలు దిద్దుకోవడానికి వచ్చిన ఆ ఆడవాళ్లే 1992లో తమ ఊళ్లో సారా అమ్మకం ఆపించారు, రోసమ్మ లాంటివాళ్లు ఊరూరా తిరిగి మిగతావాళ్లను కదిలించారు, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. లబ్ధిదారుల జాబితాలో పేరున్నవాళ్లు చేసిన పని అది.

ఇంకో చిత్రం చూడండి. డిసెంబరు 3 అంతర్జాతీయ వికలాంగుల దినం, డిసెంబరు 5 అంతర్జాతీయ వాలంటీర్ల దినం. 3న మమ్మల్ని వేదిక ఎక్కించి శాలువా కప్పుతారు, ఆటల పోటీలు పెట్టి స్టీలు గిన్నె ఇస్తారు. రెండు రోజులు తిరక్కుండా 5న వాలంటీర్లకు సర్టిఫికెట్లిస్తారు, అక్కడ మాలో ఒక్కరూ ఉండరు. 2026ను ఐక్యరాజ్యసమితి ఏకంగా వాలంటీర్ల సంవత్సరమని ప్రకటించింది, సభలకు కొదవుండదు. మాకు శాలువాలు చాలానే ఉన్నాయండీ, మా వీధిలో పెళ్లిళ్లకు మేమే అరువిస్తున్నాం.

ఇక మేం అడిగేవి.

1. ఫారంలో ఆ 'ఫిట్' ప్రశ్న తీసేయండి. 'మీరు ఏ పని చేయగలరు? అది చేయడానికి మీకు ఏం ఏర్పాటు కావాలి?' అని అడగండి. ఈత, బరువులు మోయడం లాంటి పనులకు ఆరోగ్య షరతు అవసరమైతే ఆ పని పక్కనే రాయండి, గుమ్మానికి కట్టకండి.

2. 2027 గోదావరి పుష్కరాలకు వాలంటీర్లను ఎంపిక చేసేటప్పుడు మమ్మల్ని మొదటి నుంచీ కలుపుకోండి. తప్పిపోయినవాళ్ల కౌంటరు, సమాచార కేంద్రం, కంట్రోల్ రూమ్ ఫోన్లు, వినపడని యాత్రికుల కోసం సైగల భాష వచ్చినవాళ్లు, ఘాట్‌లో వీల్‌చెయిర్ దారి ఎక్కడ పెట్టాలో చూసి చెప్పేవాళ్లు, ఇన్ని పనులున్నాయి. సిమెంటు పోశాక పిలిచి అభిప్రాయం అడిగితే మేం చేయగలిగింది ఏమీ ఉండదు, అప్పుడు ఫోటో ఒక్కటే మిగులుతుంది.

3. కాలేజీల్లో వైకల్యం ఉన్న విద్యార్థికి మినహాయింపు ఇవ్వడం మానేసి పని ఇవ్వండి. 240 గంటలూ చెట్లే నాటక్కర్లేదు. పిల్లలకు కథలు చెప్పడం, వృద్ధులకు ఫోన్లో యూపీఐ నేర్పడం, శిబిరం లెక్కలు రాయడం, రక్తదాన శిబిరానికి దాతలను ఫోన్లో పిలవడం, ఇవన్నీ సేవే.

4. పనులు రోజువారీగా మార్చండి. చీపురు, గరిటె, మైకు, రిజిస్టరు అందరి చేతులూ మారాలి. ఎవరికి ఏ పని పడిందో రాసిన కాగితం గోడకు అంటించండి, అందరూ చూస్తారు.

5. సేవకు వచ్చినవాళ్ల పింఛను మీద ఆ సేవ ప్రభావం ఉండదని జిల్లా అధికారులు ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. నోటి మాట చాలదు. గ్రామ, వార్డు సచివాలయాల్లో పనిచేసేవాళ్లకు కూడా అది అందాలి, ఎందుకంటే జనం మొదట అడిగేది వాళ్లనే.

6. దారి ఖర్చులు, పూట భోజనం, ఒక ప్రమాద బీమా. సేవకు డబ్బులా అని ముఖం చిట్లించకండి. కారులో వచ్చే వాలంటీరుకు దారి ఖర్చు లెక్కలోకి రాదు, ఆటో తప్ప ఇంకేదీ ఎక్కలేని మనిషికి రానూపోనూ అయ్యేది ఒక రోజు కూలి. అది ఇవ్వకపోతే సేవ డబ్బున్నవాళ్ల కాలక్షేపంగానే మిగిలిపోతుంది.

7. అడగకుండా ఫోటో తీయొద్దు. తీసినా, వాలంటీరును లబ్ధిదారుగా చూపించొద్దు. ఆ పాత ఫోటో కింద రాసింది సరిచేసి మళ్లీ అదే గ్రూపుల్లో పెట్టమని మా బాబాయి తరఫున అడుగుతున్నాను. ఆయన అడగడు, మొహమాటస్తుడు.

8. సేవ పేరుతో ఉద్యోగాలు ఎగ్గొట్టొద్దు. 2016 చట్టంలోని 34వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో మాకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. నింపాల్సిన పోస్టులు నింపకుండా, ఆ పని మా చేత ఉచితంగా చేయించుకుని సర్టిఫికెట్ చేతిలో పెడతామంటే ఒప్పుకోం. జీతం ఇవ్వాల్సిన పనికి జీతమే ఇవ్వాలి.

వీటిలో 1, 4, 7 అమలు చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు, రేపు పొద్దున్నే చేయొచ్చు. మిగతావాటికి జీవోలు, బడ్జెట్ అంటారు, సరే, వాటికి ఒక తేదీ చెప్పండి.

ఉత్తరం చూశామని మళ్లీ ఫోన్ చేయాలనుకుంటే చేయండి గానీ, ఈసారి మీ తర్వాతి వాలంటీర్ల సమావేశానికి మమ్మల్ని పిలవండి. మాట్లాడటానికి పిలవండి, సన్మానానికి కాదు. సమావేశం మాత్రం దయచేసి కింది అంతస్తులో పెట్టండి, పోయినసారి మా బాబాయిని కుర్చీతో సహా నలుగురు మోసుకెళ్లాల్సి వచ్చింది.

ఇట్లు,
వాలంటీరుగా పేరిచ్చి, ఇంకా పిలుపు రాని ఒక ట్యూషన్ టీచరు,
రాజమహేంద్రవరం